తీసేసినాయన ఇల్లు యాడ?

ప్రొద్దుటూరు,
జూన్ 12.

హేమా,

ఈ కవరు చూసి గాబరా పడకు. ఎవరూ పోలేదు. మా ఆయన నవీన్ గుండె తప్ప ఇంట్లో అన్నీ బాగానే ఉన్నాయి. ఈ కాలంలో ఉత్తరాలేందని నువ్వు నవ్వుతావని తెలుసు. నవ్వుకో, కానీ చివరిదాకా చదివి నవ్వు.

మన ఫోన్లలో ఉన్నది కంపెనీ సిమ్ము. మీ పులివెందుల ప్యాక్‌హౌస్ ఆడవాళ్ళు గ్రూపులో పెట్టుకునే మాటలన్నీ ఫొటోలుగా మారి నా కంప్యూటర్లోకి వస్తున్నాయి. ఎవరు తీసి పంపుతున్నారో నాకూ తెలియదు. మొన్న నువ్వు "గెల కొయ్యడం రానోళ్ళు వచ్చి అరటికాయల కంపెనీ కొన్నారు" అని పెట్టావు కదా, దాని కింద ఎర్రగీత గీసి, 'ఈ సూపర్‌వైజర్ వైఖరి గమనించగలరు' అని రాసి నాకే పంపారు. ఆఫీసులో సిబ్బంది వ్యవహారాలు చూసేది నేను కాబట్టి గమనించాల్సింది నేనంట! ఇంటర్ చదివేటప్పుడు కడప హాస్టల్లో ఒకే పెట్టెలో బట్టలు పెట్టుకున్నవాళ్ళం, నిన్ను కొత్తగా గమనించేదేముంది?

అందుకే ఇక నుంచి నాతో ఏ మాటైనా కాగితం మీద రాయి. ప్యాక్‌హౌస్ వ్యాను నడిపే అమీర్ బాషా వారానికోసారి మా ఆఫీసుకు వస్తాడు, అతనికివ్వు. అతను చదవడు. చదివినా ఎవరికీ చెప్పడు.

కంపెనీ చేతులు మారినప్పటి నుంచి ఆఫీసులో ఒకటే మాట, 'సైజు సరిచేయాలి' అని. అదేదో దర్జీ పని కదా అన్నాడు నవీన్. ఆయనకు అన్నీ పరాచికాలే. కర్నూలు డాక్టరు మాత్రం పరాచికాలాడలేదు. గుండెలో వాల్వు మార్చాల్సిందే అన్నాడు. ఆపరేషన్‌కు నవంబరులో రమ్మన్నాడు. మా దగ్గరున్న ఆధారమల్లా కంపెనీ ఇచ్చిన ఇన్సూరెన్సు కార్డు ఒక్కటే. అందుకే నేను ఈ మధ్య ఆఫీసులో నోరు కుట్టేసుకుని కూర్చుంటున్నాను. నువ్వు కూడా కొన్నాళ్ళు నీ నోటికి తాళం వెయ్యి తల్లీ.

నీ
నిర్మల


పులివెందుల,
జూన్ 27.

మే నిర్మలా,

నీ ఉత్తరం పట్టుకొచ్చి ఇచ్చేటప్పుడు అమీర్ బాషా ముసిముసిగా నవ్వుకున్నాడు. మా ఆయన ఆదినారాయణైతే "ఎవరే అది, ఈ వయసులో నీకు ఉత్తరాలు రాసేది?" అని అన్నం తినేదాకా సతాయించాడు. లింగాలలో తోటకు నీళ్ళు కట్టే మనిషికి అంతకంటే ఏం తోస్తుంది.

నోటికి తాళం వేసే విషయం తర్వాత మాట్లాడదాం. ముందు ఇక్కడ జరిగింది విను. పోయిన వారం ఇద్దరు వచ్చారు. మూతికి గుడ్డ, చేతిలో పలక లాంటి ఫోను. మా దగ్గర రహమత్‌బీ అని ఉంది, ప్యాక్‌హౌస్ తెరిచిన నాటి నుంచి పనిచేస్తున్న పెద్దామె, ఆమె గెల కోసి తొట్టిలో కడిగి పెట్టెలో సర్దేదాకా పక్కనే నిలబడి గడియారం చూశారు. ఆమె ఊరుకుంటుందా? పని ఆపి, మాగిన పండ్లు రెండు తుడిచి వాళ్ళ చేతిలో పెట్టింది. వాళ్ళు వాటికి ఫొటో తీసి, తొట్టి గట్టు మీద పెట్టి వెళ్ళిపోయారు.

పండు తినకపోవడమే ఆమెకు పెద్ద తప్పుగా కనిపించింది. "మన సేతి పండు తిననోడు మనకు మంచి చెయ్యడు" అని తేల్చేసింది. ఇప్పుడు అందరూ నా చుట్టూ చేరి అడుగుతున్నది ఒకటే. "కొత్త ఓనరు ఏ ఊరాయన? ఇల్లు యాడ? పోయి ఓసారి కండ్లబడి వస్తాం."

మన దగ్గర పద్ధతి నీకు తెలియనిది కాదు. ఎవరి వల్ల కష్టం వచ్చిందో వాళ్ళ ఇంటి ముందు పోయి కూర్చుంటారు. ఆ మనిషి బయటికి రావాలి, మంచినీళ్ళివ్వాలి, "ఔను, నేనే చేసినా" అని మొహమ్మీద చెప్పాలి. తిట్టడమైనా మాట్లాడి తెంచుకోవడమైనా ఆ తర్వాతే. సింహాద్రిపురంలో చీనీకాయల వ్యాపారి కూలి ఎగ్గొడితే రహమత్‌బీ అట్లాగే ఆయన వాకిట్లో కూర్చుని మాట్లాడి వచ్చింది. ఆ వ్యాపారి ఇప్పటికీ దారిలో కనబడితే "బాగుండావా బీ" అని పలకరిస్తాడు.

నువ్వు ఆఫీసులో ఉన్నావు కాబట్టి ఆ పేరూ ఊరూ కనుక్కుని రాయి. నలుగురం పోయి వస్తాం. నవీన్‌ను అడిగినట్టు చెప్పు. వాల్వుకు భయపడొద్దని చెప్పు.

హేమలత


ప్రొద్దుటూరు,
జూలై 18.

హేమా,

నువ్వడిగిన పేరు కోసం నేను నిజంగానే తిరిగాను. నమ్ము.

మా బ్రాంచి మేనేజర్ పవన్‌ను అడిగాను. వయసులో చిన్నవాడు, మాట మెత్తన. "నాకేం తెలుసు మేడం, హైదరాబాదు నుంచి చెప్పినారు" అన్నాడు. హైదరాబాదుకు ఫోన్ చేస్తే ముంబై అన్నారు. ముంబైవాళ్ళు, ఇదంతా బయటి సలహాదారుల కమిటీ చూసుకుంటుంది అన్నారు. కమిటీ నుంచి వచ్చే మెయిల్ కింద మనిషి పేరుండదు. 'దయచేసి దీనికి జవాబు పంపవద్దు' అని ఉంటుంది. మొన్న వీడియో మీటింగు పెట్టారు. తెర మీద ఎనిమిదో తొమ్మిదో నల్లటి గళ్ళు, ఒక్కటంటే ఒక్క మొహం లేదు. నా కెమెరా మాత్రం తెరిచి ఉంచమన్నారు. ఒక గడిలోంచి గొంతు వచ్చింది. నేను రెండుసార్లు "సార్, మీ పేరు?" అని అడిగాను. రెండుసార్లూ "లెట్స్ మూవ్ ఆన్" అన్నాడు. ఒంటిమీద తేళ్ళూ జెర్రులూ పాకినట్టయింది నాకు.

ఇప్పుడు అసలు సంగతి. పులివెందుల ప్యాకింగ్ లైను మూసేస్తున్నారు. గెలలు కొని నేరుగా లారీకెక్కిస్తారంట. ఆడవాళ్ళందరి చేతా 'నా ఇష్టపూర్వకంగా పని మానుకుంటున్నాను' అని రాయించుకోవాలి. అట్లా రాసిస్తే కంపెనీకి ఏ బాధ్యతా ఉండదు. రాయించే పని నాది. నోటీసు మీద సంతకం కూడా నాదే ఉండాలన్నారు. 'స్థానిక అధికారి సంతకం ఉంటే జనం సర్దుకుంటారు' అని మెయిల్లో ఉంది. పదకొండేళ్ళుగా ఇక్కడ పనిచేస్తున్నా, నన్ను అధికారి అన్నది ఇప్పుడే.

చెయ్యనంటే? పవన్ చెప్పాడు, ఇన్సూరెన్సు కార్డు మళ్ళీ కొత్తది చెయ్యాల్సింది సెప్టెంబరులోనంట. అంతకుమించి ఏమీ అనలేదు. అనాల్సిన పనీ లేదు.

హేమా, నువ్వు చెబితే వాళ్ళు సంతకం పెడతారు. గొడవ లేకుండా అయిపోతే ఎవరికైనా వేరే చోట చెప్పి పెట్టించవచ్చు. నీ గురించి బెంగ పెట్టుకోకు. మీటింగులో నీ పేరు ఎక్కడా రాలేదు.

నిర్మల


పులివెందుల,
ఆగస్టు 5.

నిర్మలకు,

నోటీసు వచ్చింది. గేటు మీద అంటించారు. ఎవరి కాగితం వాళ్ళకు చేతికి కూడా ఇచ్చారు.

రహమత్‌బీకి చదువు రాదు కాబట్టి నా చేత చదివించుకుంది. 'మీ ఇష్టపూర్వకంగా' అన్న చోట ఆపి, "నా ఇష్టం వానికెట్ల తెలుసు?" అని అడిగింది. ఎవరు పంపారని అడిగితే కమిటీ అని చెప్పాను. "కమిటీ అంటే శానా మందా? మరి వాళ్ళలో పెద్దాయన ఎవురు?" అంది. తెలియదన్నాను. అప్పుడు కింద సంతకం మీద వేలు పెట్టి, "ఇది ఎవురి చెయ్యి?" అని అడిగింది.

నిర్మల అని చదివాను. ఆమె నా మొహంలోకి చూసింది. "తెలుసా నీకు?" అంది. తెలియదని చెప్పాను.

సంతకాలు పెట్టొద్దనీ, కడప లేబర్ ఆఫీసుకు పోదామనీ నేను అంటున్నాను. వాళ్ళు మాత్రం ముందు తీసేసిన మనిషిని చూడాలంటున్నారు. మనిషిని చూడకుండా ఆఫీసుకు పోయి ఫిర్యాదు ఎవరి మీద ఇయ్యాల అంటున్నారు. వాళ్ళ మాట తప్పు అనడానికి నాకు నోరు రాలేదు.

ఇంకొకటి. మీటింగులో నా పేరు ఎక్కడా రాలేదని రాశావు. నాకు ఇచ్చిన కాగితం కూడా నా ముందరే ఉంది. పేరు హేమలత అని స్పష్టంగా ఉంది. నీ సంతకం చివర ఆ వంకర గీత కూడా మారలేదు.

హేమలత


ప్రొద్దుటూరు,
ఆగస్టు 24.

హేమా,

నువ్వు చదవకపోయినా రాస్తాను. ఇది చెప్పుకోవడానికి నాకు వేరే ఎవరున్నారు?

సోమవారం పొద్దున పాలకని తలుపు తీస్తే వరండా నిండా ఆడవాళ్ళు. మొదటి బస్సుకు వచ్చినట్టున్నారు. ముందు నువ్వు రాసిన రహమత్‌బీ కూర్చుని ఉంది. చీరల మీద అరటి జిగురు మరకలు చూసి ఎవరో అర్థమైంది. నా అడ్రస్ ఎవరిచ్చారో కూడా అర్థమైంది. దాని గురించి నేనేం అనను. అనే మొహం నాకు లేదు.

రహమత్‌బీ అరవలేదు, తిట్టలేదు. "నీ పేరు నిర్మలనా అమ్మా?" అంది. ఔనన్నాను. "మమ్మల్ని తీసేసింది నువ్వేనా?" అంది. నేను కాదన్నాను. మరెవరంది. తెలియదన్నాను. "తెలిసినాక చెప్పు, అంతదాకా ఈడ్నే ఉంటాం" అని సర్దుకుని కూర్చుంది.

ఆ వారమంతా వాళ్ళు నా గుమ్మం ముందే. పగలంతా ఉండి, సాయంత్రం బస్సుకు పోయి, మళ్ళీ పొద్దున్నే దిగేవాళ్ళు. ఒక్కొక్కరినీ దాటుకుంటూ ఆఫీసుకు పోయేదాన్ని. చెప్పు తగలకుండా కాళ్ళు ముడుచుకుని నాకు దారి ఇచ్చేవాళ్ళు. ఆ కాళ్ళు ముడుచుకోవడమే నన్ను చంపేసింది. తెచ్చుకున్న సంగటీ చెనిక్కాయల ఊరిబిండీ నవీన్‌కూ పెట్టేవాళ్ళు. ఆయన వాళ్ళ మధ్య కుర్చీ వేసుకుని కబుర్లు చెప్పేవాడు. "నీ కోసం వచ్చిన చుట్టాలు నీకంటే మంచివాళ్ళే" అన్నాడొకసారి, నవ్వుతూనే. నేను లోపలికి పోయి ఏడ్చాను.

ఆఫీసులో రోజూ పైకి మెయిలు పెట్టాను. మనుషులు వచ్చి కూర్చున్నారు, ఎవరైనా ఒకరు వచ్చి మాట్లాడండి, రాలేకపోతే ఫోనులోనైనా మాట్లాడండి అని రాశాను. 'మీ అభ్యర్థన నమోదైంది' అని వచ్చింది. తర్వాత 'స్థానికంగా పరిష్కరించగలరు' అని వచ్చింది. పవన్ పోలీసులను పిలుద్దామన్నాడు. నా ఇంటి ముందుకు పోలీసులు వస్తే నేను అప్పటికప్పుడే రాజీనామా చేస్తానన్నాను. ఎక్కడి నుంచి వచ్చిందో ఆ ధైర్యం, ఆ ఒక్క నిమిషమే ఉంది. "మేడం, వరండా ఖాళీ కాకపోతే మిమ్మల్ని గురించి కూడా ఆలోచిస్తామంటున్నారు" అన్నాడు. 'వాళ్ళు' ఎవరని నేను అడగలేదు. అడగడం మానేశాను.

శుక్రవారం సాయంత్రం నవీన్‌కు ఆయాసం ఎక్కువైంది. రహమత్‌బీ లేచి ఆయన వీపు నిమిరింది. ఇంకొకామె విసనకర్ర తెచ్చింది. ఆయన సర్దుకున్నాక ఆమె నా దగ్గరికొచ్చి మెల్లగా చెప్పింది. "అమ్మా, మేం నిన్ను కొట్టేకి రాల్యా. పని ఇయ్యమని అడిగేకీ రాల్యా. ఇన్నేండ్లు చేసిన పని యాడికి పాయనో ఒక మనిసి నోటెంట వినాల. ఇంటికి పోయి మావోళ్ళకు ఏమని చెప్పాల? గోడ మింద కాగితం తీసేసిందని చెప్పాల్నా?"

నా లోపల ఏదో తెగిపోయింది హేమా. "నేనే తీసేసినా" అన్నాను. "వేరే ఎవురూ లేరు. నేనే."

రహమత్‌బీ నా వైపు చాలాసేపు చూసింది. తర్వాత తిట్టింది. ఆ తిట్లు రాయలేను. తిట్టినంతసేపూ తల వంచుకుని నిలబడ్డాను. అయ్యాక మంచినీళ్ళడిగింది. ఇచ్చాను. తాగింది. "నీ మొగునికి ఆపరేషన్ బాగ జరగాల, దువా చేస్తా" అని చెప్పి, పని మానుకుంటున్నామనే కాగితం అడిగి తీసుకుని వేలిముద్ర వేసింది. ఆమె వేసింది కాబట్టి అందరూ వేశారు.

వాళ్ళు పోయాక వరండా కడిగాను. నీ కాగితం మీద సంతకం చేసిన రోజు నాకు చెయ్యి వణకలేదు. అది నాకిప్పుడు ఎక్కువ భయంగా ఉంది. నిన్ను క్షమించమని అడగను.

నిర్మల


పులివెందుల,
సెప్టెంబర్ 15.

నిర్మలా,

అడ్రస్ ఇచ్చింది నేనే. బస్టాండు దాకా వచ్చి బస్సెక్కించింది కూడా నేనే. కోపంతో ఇచ్చాను, తర్వాత నిద్రపట్టలేదు. ఆ లెక్క అక్కడికి సరి.

కానీ నువ్వు చేసిన పని చూసి నాకు వచ్చిన కోపం అట్లాంటిది కాదు. ఎందుకు చెప్పావే ఆ మాట? నువ్వు తీసేశావా? తెలియదు, తెలియదు అని ఇంకొక్క వారం అంటే, ఈ ముసలామె హైదరాబాదు బస్సెక్కేది. అక్కడా తెలియదంటే ముంబై రైలెక్కేది. నీకామె సంగతి తెలియదు. నేను లేబర్ ఆఫీసుకు ఒప్పించి ఉండేదాన్ని. నేనే అని నువ్వనేసరికి వాళ్ళ వెతుకులాట నీ వాకిట్లోనే తీరిపోయింది. వేలిముద్రలు పడ్డాక కడపలో ఎవరు వింటారు? పోయి అడిగాను. మీ ఇష్టపూర్వకంగా మానుకున్నారు కదమ్మా అన్నారు.

ఆ పైవాళ్ళకు కావాల్సింది ఒక మొహం. వాళ్ళది బయటపడకుండా నీది ఇచ్చి పంపావు.

రహమత్‌బీకి ఇదంతా చెప్పాను. ఆమెకు నీ మీద కోపం లేదు. "ఆ పాప నిజం చెప్పింది, అదీ మనిసంటే" అంటోంది. ఆమె మళ్ళీ చీనీతోటల్లో కాయలు కోయడానికి పోతోంది. మోకాళ్ళ నొప్పులతో నిచ్చెన ఎక్కుతోంది. నేను ఇంట్లో ఉన్నాను. నేను వండింది బాగుందనడం మా ఆయన నేర్చుకున్నాడు, భయానికి.

నవీన్ ఆపరేషన్ గురించి రాయి. అది మాత్రం రాయి.

హేమ


జమ్మలమడుగు,
అక్టోబర్ 19, ఆదివారం.

హేమా,

నువ్వు రాసినవన్నీ నిజం. కొట్టినా ఇంత నొప్పి ఉండేది కాదు.

కార్డు కొత్తది వచ్చింది. ఆపరేషన్ తేదీ కూడా ఖాయమైంది, నవంబరు చివర. కర్నూలు ఆసుపత్రివాళ్ళు కంపెనీ అనుమతి చూసుకున్నారు. నవీన్ ఈ మధ్య పరాచికాలు తగ్గించాడు.

పోయిన నెల ఒక మెయిల్ వచ్చింది. పులివెందుల వ్యవహారాన్ని 'శాంతియుతంగా, సంస్థకు మచ్చ రాకుండా' ముగించినందుకు నాకు అభినందనలంట. మిగతా బ్రాంచిలవాళ్ళు నా పద్ధతి చూసి నేర్చుకోవాలంట. నా పద్ధతి! ఆ మెయిల్ కింద కూడా పేరు లేదు. వారం తర్వాత ఇంకొకటి వచ్చింది. జమ్మలమడుగు చీనీకాయల షెడ్డు కూడా మూసేస్తున్నారు, అక్కడికి నన్ను పంపుతున్నారు. ఎందుకు నన్నే అని పవన్‌ను అడిగితే, "మీ సొంతూరు కదా మేడం, మీ మాట వింటారు" అన్నాడు. నా ఫైలులో ఊరి పేరు చూసి ఎవరో సంతోషపడి ఉంటారు.

నేను వద్దనలేదు. తేదీ నవంబరులో ఉంది కదా.

నిన్న నవీన్‌ను వెంటబెట్టుకుని వచ్చాను. అమ్మ ఇంట్లోనే దిగాను. ఈ రోజు ఆదివారం ఆరాధనకు గుడికి పోయాను. షెడ్డులో పనిచేసేవాళ్ళలో సగం మంది మా గుడివాళ్ళే. నాకు సండే స్కూల్లో వాక్యాలు నేర్పినామె ఉంది, నాతో పాటు క్వయర్లో పాడినామె ఉంది. ప్రార్థన అయిపోగానే అందరూ చుట్టుముట్టారు. "మన ఏస్తేరమ్మ కూతురే ఆఫీసరుగా వచ్చిండాది" అని ఒకరికొకరు చెప్పుకున్నారు. నా చీర కొంగు పట్టుకుని చూశారు. నన్ను చూసినందుకు వాళ్ళకంత సంతోషం హేమా, నేను ఎటు చూడాలో తెలియలేదు.

ఇంటిదాకా వచ్చారు. అమ్మ అందరికీ టీ పెట్టింది. గర్వంతో ఆమె చేతులు ఆగడం లేదు. అప్పుడు షెడ్డులో పనిచేసే లక్ష్మమ్మత్త నా పక్కన కూర్చుని నా చెయ్యి పట్టుకుంది. "తీసేస్తారని ఊర్లో ఒగటే పుకారు పాపా. నాకు నెల రోజులుగా బువ్వ ల్యా. నువ్వొచ్చినావని తెలిసినాంక రాత్రి బాగ నిద్ర పట్టింది. నువ్వుండంగా మాకు అట్ల జరగనిస్తావా?" అని అడిగింది.

అందరూ గ్లాసులు పట్టుకుని నా వైపే చూస్తున్నారు. చెప్పాలనుకున్నాను. నాకు ఎవరు చెప్పారో, ఎట్లా చెప్పారో, ఆ నల్లటి గళ్ళ గురించీ, నీ గురించీ, మొత్తం చెప్పాలనుకున్నాను. లోపలి గదిలో నవీన్ దగ్గాడు.

"నేనుండా కదత్తా" అన్నాను.

ఆమె అక్కడే కండ్లు మూసుకుని, నా తల మీద చెయ్యి పెట్టి, నన్ను ఈ ఊరికి పంపినందుకు దేవునికి స్తోత్రం చెప్పింది. అందరూ ఆమెన్ అన్నారు. నేను కూడా అన్నాను.

రేపు పది గంటలకు అందరినీ షెడ్డుకు రమ్మన్నాను.

నిర్మల